మిద్దె బడిలో విన్న మాట

నమ్మితే నమ్మండి. లేదంటే అటు తిరిగి పడుకోండి... రేపు పోలింగు, తెల్లవారకముందే లేవాలి, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఇందాక మీలో ఎవరో పైకి చూసి "ఈ స్లాబు గట్టిదేనా మేడం?" అని అడిగారు చూడండి, ఆ మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. చాక్‌పీసు పట్టిన ఈ చేతి మీద ఒట్టు. చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. కల్పించి చెప్పే విద్యే నాకుంటే టీచరుగా ఎందుకుంటాను? రేపు మనం ఎవరికి ఓట్లు వేయించబోతున్నామో ఆ వరసలో నా పేరు కూడా ఉండేది.

నవ్వండి, నవ్వండి. కాసేపాగితే నవ్వరు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. పిల్లలు "బడి వెనకాల దయ్యముంది మేడం" అని వస్తే, "దానికి ఎక్కాలు వచ్చేమో అడగండి, వస్తే లోపలికి పిలవండి" అనేదాన్ని. అలాంటిదాన్ని ఈరోజు ఈ అంచెట్టి కొండల్లో, కరెంటు లేని బడిలో, ఓటింగు మిషను పక్కన చాప వేసుకుని... మాటిమాటికీ పైకప్పు చూస్తున్నాను. ఎందుకో చెబుతాను.

కృష్ణగిరి కొత్తగా జిల్లా అయిన రోజులవి. హోసూరు టౌనులో పాతబడ్డ బడులను బాగు చేయిస్తారని కబురు వచ్చింది. అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే ఆ ఏడాదికి ఒక్క బడికే. మిగతావి తర్వాత. ఆ "తర్వాత" ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏది ముందో తేల్చడానికి ముగ్గురిని వేశారు. ఓవర్సీరు సెల్వం ఒకడు. తల్లిదండ్రుల తరఫున ఒక వ్యాపారి, ఆయన మొహం నేను ఇప్పటిదాకా చూడలేదు. మూడో మనిషిని నేను. నా బడి లెక్కలో లేదు కాబట్టి పక్షపాతం లేకుండా చెబుతానని పెద్దలు అనుకున్నారు.

వడపోసి వడపోసి రెండు బడుల దగ్గర ఆగింది. ఒకటి ఓడు బడి. ఓడు అంటే పెంకు, తమిళం మాట. మన హోసూర్లో తెలుగువాళ్ళం కూడా పెంకు అనం కదా, ఓడు అనే అంటాం. పాత పెంకుల కప్పు కాబట్టి ఆ బడికి ఆ పేరు. రెండోది మిద్దె బడి. కాంక్రీటు స్లాబు, తెల్లటి సున్నం గోడలు. దూరం నుంచి చూస్తే పెళ్ళికి తయారై వచ్చిన పెద్దమనిషిలా ఉండేది.

ఆ మిద్దె బడికి హెడ్మాస్టరు గోవిందప్ప. ఆయనా నేనూ ట్రైనింగులో ఒకే బ్యాచి. డెంకణికోట వైపు రాగి చేలు, ఆవులు ఉన్న ఇల్లు. మనిషి తెలుగాయన. మేం బడి చూడ్డానికి వెళ్ళిన రోజు ఆయన పిల్లలను ఆటల పోటీకి తయారుచేస్తున్నాడు. పంచె ఎగగట్టి, వాళ్ళతోపాటు తనూ పరిగెత్తుతూ "ఓడు! ఓడు రా, ఓడు!" అని అరుస్తున్నాడు.

నా నోరు ఊరుకోదు కదా.

"ఏమప్పా గోవిందప్పా, తెలుగోడివై ఉండి పిల్లకాయల్ని ఓడిపొమ్మంటా ఉండావే!"

ఆయన ఆయాసపడుతూనే నవ్వాడు. "ఏం చేసేదమ్మా, ఈడ మూడు భాషల పిల్లకాయలు ఉండారు. ఓడు అంటే తమిళమోళ్ళకి తెలుస్తాది, కన్నడమోళ్ళకి తెలుస్తాది. మనోళ్ళు పక్కనోణ్ణి చూసి పరిగెత్తుతారు. ఒక్క మాటకి అందురూ కదులుతారు."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

తర్వాత ఆయన మమ్మల్ని మూడో తరగతి గదిలోకి తీసుకెళ్ళాడు. గోడ మీద వేలితో గీరితే ఇసుక రాలింది. పైన స్లాబులో అక్కడక్కడా ఎర్రటి మరకలు. సెల్వం పొడుగు కర్రతో పైకి కొట్టి చూశాడు. "చూస్తే గట్టిగానే ఉండాది మేడం. పగలగొట్టి చూస్తే గానీ లోపల ఏముండాదో తెలీదు," అన్నాడు.

"వానకు కారుతుందా?" అని నేను అడిగాను.

"కారదమ్మా," అన్నాడు గోవిందప్ప. "అదే నా భయం. ఎంత వాన పడినా ఒక్క చుక్క కారదు. ఆ నీళ్ళన్నీ యాడికి పోతా ఉండాయో!" గొంతు తగ్గించాడు. "సరోజమ్మా, నా కోసం అడగడం లే. ఈ గదిలో చిన్న బిడ్డలుండారు. నా బడిని ముందు పెట్టు."

ఆయన ఎన్నడూ ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు. అందుకే నాకు ఇబ్బందిగా అనిపించింది. స్నేహితుడని ఆయన బడిని ముందు పెడితే న్యాయమా? స్నేహితుడని భయపడి వెనక్కి పెడితే మాత్రం న్యాయమా? అటు చూస్తే ఓడు బడి పరిస్థితి కళ్ళకు కనిపిస్తోంది. షేర్ ఆటోలో తిరిగొస్తూ సెల్వం దాని పాటే పాడాడు. "ఓడు పోయింది మేడం, ఓడు పగిలింది, ముందు ఓడు మార్చాల..." దిగేదాకా ఓడు, ఓడు, ఓడు. ఇంటికొచ్చి అన్నం తింటున్నా చెవిలో అదే మోగుతోంది.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఎండలో బడిని చూస్తే ఏం తెలుస్తుంది? వానలో చూడాలి.

వాన కోసం ఎదురుచూశాను. ఒకరోజు సాయంత్రం మబ్బు పట్టింది. గోవిందప్ప దగ్గరికెళ్ళి తాళంచెవి అడిగాను.

"ఒక్కదానివే పోతావా? నేనూ వస్తానుండు," అన్నాడు.

"వద్దప్పా. నువ్వు పక్కనుంటే నీ తరఫునే మాట్లాడాలనిపిస్తాది."

ముందు ఓడు బడికెళ్ళాను. అబ్బ... లోపలా బయటా ఒకటే వాన. బెంచీలు తడిశాయి, నేల బురద అయింది, గొడుగు ముడవకుండానే గది మధ్యలో నిలబడ్డాను. అక్కణ్ణుంచి మిద్దె బడికొచ్చేసరికి పూర్తిగా చీకటి పడింది. కరెంటు లేదు. తాళం బిగుసుకుంది. మూడో తరగతి గది తలుపు తడికి ఉబ్బి, భుజంతో తోస్తే గానీ రాలేదు.

లోపల... పొడి.

టార్చి వేసి నేలంతా చూశాను. వంగి అరచేత్తో తడిమాను. ఒక్క చుక్క లేదు. పైన వాన దంచుతోంది, కింద నా చెయ్యి పొడిగా ఉంది. మీకు నిజం చెప్పాలి, ఆ క్షణంలో గోవిందప్ప మీద కోపం వచ్చింది. బంగారంలాంటి గది పెట్టుకుని నన్ను తిప్పలు పెట్టాడే అనుకున్నాను. వాన తగ్గేదాకా కూర్చుందామని గది మధ్యలో ఉన్న టీచరు కుర్చీలో కూర్చున్నాను. టార్చి బల్ల మీద పెట్టాను.

టిక్.

ఎక్కడో చిన్న చప్పుడు. బల్లి అరిచిందేమో అనుకున్నాను.

టిక్... టిక్...

చేతి మీద ఏదో పడింది. టార్చి వెలుగులో చూశాను. రవ్వ. ఉప్మా రవ్వంత సైజులో తెల్లటి పలుకులు. దులిపేశాను. పాత సున్నం, రాలదా మరి!

ఇప్పుడు చెప్పేదానికి మీరు నవ్వుతారు. ఎదురుగా గోడకు సరస్వతీదేవి పటం ఉంది. మనసులో ఇంకా తేలలేదు. బుద్ధి ఓడు బడి అంటోంది, గోవిందప్ప గొంతు మిద్దె బడి అంటోంది. మన వైపు పెళ్ళి సంబంధానికైనా, బోరు వేయడానికైనా దేవుడి దగ్గర పువ్వు అడుగుతారు కదా? పటం మీద పువ్వు పెట్టి అడగడం, కుడికి రాలితే ఒక జవాబు, ఎడమకు రాలితే ఇంకో జవాబు. నేను జడలోని కనకాంబరం ఒకటి తీశాను. పటం చట్రం మీద నిలబెట్టాను. చదువు చెప్పే టీచరమ్మ, పెద్దలు నమ్మి పంపిన మనిషి... చేతులు జోడించి గట్టిగానే అడిగాను. "తల్లీ, ఏది ముందు?" అని.

వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. పువ్వునే చూస్తున్నాను.

పువ్వు కదల్లేదు.

అప్పుడు... ఎలా చెప్పాలి... వాన చప్పుడు ఆగిపోయింది. వాన ఆగలేదండీ. చప్పుడు ఆగింది. కిటికీలోంచి టార్చి వెలుగు పడిన మేర ధారలు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ వినబడ్డం లేదు. రోడ్డు మీద లారీలు వినబడ్డం లేదు. నా ఊపిరి నాకు వినబడుతోంది. టిక్ టిక్ కూడా ఆగిపోయింది.

"ఓడు."

అంతే. ఒక్క మాట.

పైనుంచా, వెనకనుంచా, పక్కనుంచా... తెలియలేదు. మగగొంతా ఆడగొంతా తెలియలేదు. రోజంతా అరిచి అరిచి రాసుకుపోయిన గొంతు ఎలా ఉంటుంది? మన టీచర్ల గొంతు శుక్రవారం సాయంత్రానికి ఎలా ఉంటుంది? అలా ఉంది.

నేను కదల్లేదు. టార్చి తిప్పాను. చిన్న చిన్న బెంచీలు. నల్లబల్ల మీద పొద్దుటి కూడికలు. ఎవరూ లేరు.

"ఓడు..."

ఈసారి దగ్గరగా. బతిమాలుతున్నట్టు.

"ఓడు!"

మూడోసారి మాత్రం దాదాపు అరుపు.

నాకు భయం వేసిందా? వేయలేదు! అదే నన్ను ఈరోజుకీ తొలిచేస్తోంది. నాకు సంతోషం వేసింది. ఏది ముందు అని అడిగాను, ఓడు అని జవాబు వచ్చింది. ఓడు బడి! పువ్వు రాలలేదు, మాటే రాలింది. ఇంతకంటే ఏం కావాలి? ఆ కుర్చీలోంచి లేవకుండా, ఆ స్లాబు కింద హాయిగా కూర్చుని నేను కూడా గట్టిగా అన్నాను. "ఓడా తల్లీ? ఓడేనా? సరే... ఓడు! ఓడు!" అని. నా గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఆ వెంటనే వాన చప్పుడు మళ్ళీ మొదలైంది. వాన తగ్గేదాకా అక్కడే కూర్చుని, తాళం వేసుకుని, నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకున్నాను.

ఆ వారమే సెల్వం, నేను కృష్ణగిరి వెళ్ళి చెప్పొచ్చాం. ముందు ఓడు బడి అని. పువ్వు సంగతి, గొంతు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, తడిసిన బెంచీల మాట చెబితే చాలింది.

గోవిందప్పకు నేనే వెళ్ళి చెప్పాను. తాళంచెవి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"సరేలేమ్మా. ఓడు బడి పిల్లకాయలు గూడా మన పిల్లకాయలే గదా," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

ఎండాకాలం సెలవుల్లో ఓడు బడి పనులు మొదలయ్యాయి. కొత్త కప్పు వచ్చింది, నేలకు రాళ్ళు పరిచారు. నేను వెళ్ళి చూసి మురిసిపోయాను. దీపావళి తర్వాత వానలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఎండ లేదు. నాలుగో రోజు పొద్దున నేను నా బడిలో ఎక్కాలు చెప్పిస్తుంటే ఒకాయన సైకిలు మీద వచ్చాడు. "మేడం, మిద్దె బడి కూలిపోయింది," అన్నాడు.

మూడో తరగతి గది. స్లాబు సరిగ్గా నేను కూర్చున్న కుర్చీ మీద పడింది.

పిల్లలు... ఒక్కరికీ ఏమీ కాలేదు. ఒంటి మీద గీత కూడా పడలేదు. అందరూ బయట వానలో నిలబడి ఏడుస్తున్నారు. మూడో తరగతి టీచరమ్మ సెలవులో ఉందని ఆ రోజు ఆ గదిలో పాఠం చెబుతున్నది గోవిందప్పే. ఆయనొక్కడే గడప దాటలేకపోయాడు. నడుము దాకా బయట, కాళ్ళు స్లాబు కింద.

నేను వెళ్ళేసరికి ఆయన్ను బెంగుళూరు తీసుకెళ్ళిపోయారు. ఒక చిన్నపిల్ల నా చీర పట్టుకుంది. ఏం జరిగిందమ్మా అని అడిగాను. ఆ పిల్ల చెప్పిన మాట ఇది.

"ఓడు ఓడు అని వినబడింది మేడం. మేమంతా పరిగెత్తినాం."

అక్కడే బురదలో కూర్చుండిపోయాను.

ఓడు. తమిళంలో, కన్నడంలో... పరిగెత్తు! ఆ ఊళ్ళో ఏ పిల్లనడిగినా చెబుతుంది. గోవిందప్ప నా ఎదుటే అరిచిన మాట, నేను వేళాకోళం చేసిన మాట. ఆ గదిలో, ఆ రాత్రి, ఆ స్లాబు కింద కూర్చున్న నన్ను ఏదో లేచి పరిగెత్తమంది. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను పెంకులనుకున్నాను. దయ్యమో దేవతో, దానిది ఏ మీడియమో అడగాలని నాకు తోచలేదు.

ఇంతవరకే అయితే నేను ఎలాగో ఒకలాగ సర్దుకునేదాన్ని. గోవిందప్ప గొంతు ఎలాగో ముందే ఆ గోడల్లో చేరిందని, నేను విన్నది ఆయన గొంతేనని చెప్పుకునేదాన్ని. ఆయన్ను చూడ్డానికి వెళ్ళకపోయినా బాగుండేది.

చాలా నెలలు వెళ్ళలేకపోయాను. మొహం చెల్లలేదు. మామిడికాయల రోజుల్లో, కృష్ణగిరి దగ్గర వాళ్ళ అత్తగారి ఊళ్ళో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. తోట పక్కనే ఇల్లు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద నుంచి లేవు. ఎగగట్టిన పంచెతో పిల్లల ముందు పరిగెత్తిన మనిషి.

"రామ్మా సరోజమ్మా. ఓడు బడి బాగా వచ్చిందంట గదా?" అన్నాడు.

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. పువ్వు అడగడం, గొంతు, నేను దాన్ని పెంకులనుకోవడం, అంతా. "నన్ను తిట్టప్పా," అన్నాను. "నువ్వు అరిచి పిల్లకాయల్ని కాపాడుకొన్నావు. ఆ గొంతు నాకు ముందే చెప్పినా నేను వినలేదు."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి పెట్టి లోపలికెళ్ళింది. అప్పుడు గోవిందప్ప మెల్లగా అన్నాడు.

"నేను అరవలేదమ్మా."

"పిల్లలు చెప్పినారు కదప్పా..."

"పిల్లకాయలు నేననుకొన్నారు. నేను నల్లబల్ల మీద రాస్తా ఉన్నాను. వెనకాల నుంచి వినబడింది, ఓడు ఓడు అని. కుర్చీ ఉండే తావు నుంచి. పిల్లకాయలు లేచి పరిగెత్తిరి. నేనూ తలుపు కాడికి పోతి. పోయి... వెనక్కి తిరిగి చూస్తి."

"ఎందుకప్పా?"

"ఆడగొంతమ్మా, నీ గొంతు మాదిరి. నువ్వు గానీ వచ్చినావేమో, లోపల నిలబడిపోయినావేమో అనుకొన్నాను."

ఆ వెనక్కి తిరిగిన ఆలస్యమే. ఇంకో అడుగు వేసి ఉంటే ఆయన కాళ్ళు ఆయనకు ఉండేవి.

ఆ రాత్రి ఆ కుర్చీలో కూర్చుని నేనూ ఆ మాట గట్టిగా అన్నానని చెప్పాను కదా మీకు? గోవిందప్పకు చెప్పినప్పుడు ఆ ముక్క ఒక్కటి వదిలేశాను. తర్వాతైనా చెబుదామనుకున్నాను. ఆయన మరుసటి ఏడాది మామిడిపూత దాకా ఉండలేదు.

ఏమిటది? నన్నడక్కండి. నేను విన్నది ఎవరి గొంతు, ఆయన విన్నది ఎవరి గొంతు... నా గొంతే ఆ గోడల్లో ఉండిపోయి పిల్లలను కాపాడిందా, ఆయన్ను వెనక్కి పిలిచిందా? రెండూ చేసిందా? ఎన్ని రాత్రులు ఆలోచించానో. ఒక్కోసారి ఇదంతా నా పిచ్చి అనుకుంటాను. ఆయన అరిచి ఉంటాడు, దెబ్బకు మరిచిపోయి ఉంటాడు అనుకుంటాను. కాసేపు ఊరటగా ఉంటుంది. తర్వాత వాన పడుతుంది.

మిద్దె బడి ఉన్నచోట ఇప్పుడు కొత్త బడి ఉంది. మూడంతస్తులు. పడిపోయాక అన్నిటికంటే ముందు దాన్నే కట్టారు. ఆయన అడిగింది అదే కదా, ముందు పెట్టమని. ఆటల పోటీలకు నన్ను పిలుస్తుంటారు. వెళతాను, కూర్చుంటాను, చప్పట్లు కొడతాను. చుట్టూ అందరూ ఓడు ఓడు అని అరుస్తుంటారు. నా నోట మాత్రం ఆ మాట రాదు. గోవిందప్పను ఆరోజు వేళాకోళం చేశానే, ఓడిపొమ్మంటున్నావా అని... నాకు ఆ అర్థం ఒక్కటే మిగిలింది.

చాలు. లాంతరు కాస్త తగ్గించండి. మీరు ఇక్కడే పడుకుంటారా? మీ ఇష్టం, నేను వద్దనను. స్లాబు గట్టిదో కాదో చెప్పే యోగ్యత నాకు లేదు. కానీ అమ్మా, నా చాప ఆ చివర పట్టుకో. వరండాలో వేసుకుంటాను. రాత్రి ఎవరైనా ఏదైనా అంటే... ఎవరి గొంతని తిరిగి చూడకండి.